ఐరిస్ ఫోల్డింగ్‌తో సంక్రాంతి కార్డులు: చెన్నైలో ఎవరైనా చేస్తున్నారా?

కోడంబాకం కల్యాణి
నవంబరు 16, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఈసారి సంక్రాంతికి నెల్లూరు, గూడూరు, తిరుపతిలో ఉన్న మా వాళ్ళందరికీ చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డులు పంపాలని ఉంది. మొత్తం 24 కార్డులు. ఐరిస్ ఫోల్డింగ్ అని ఒక పద్ధతి ఉంది కదా, కార్డులో కిటికీలా కోసి, వెనక నుంచి కాగితపు పట్టీలు మడిచి ఒకదాని పక్కన ఒకటి అంటించుకుంటూ పోతే ముందు వైపు సుడి తిరిగినట్టు వస్తుంది, అది నాకు చాలా ఇష్టం.

దీనికి ఒక కారణం కూడా ఉంది. మా నాన్నగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఇంటికి వచ్చిన ప్రతి కవరునీ అంచులు కోసి, విప్పి, లెక్కలు రాసుకోవడానికి దాచేవారు. లోపల నీలం డిజైను ఉన్న కవర్లు మాత్రం రాయడానికి పనికిరావని వేరే కట్టగా కట్టి బీరువాలో పెట్టారు. మొన్న బీరువా సర్దుతుంటే ఆ కట్ట బయటపడింది, రెండు వందల పైనే ఉంటాయి. గళ్ళు, అలలు, చిన్న చిన్న చుక్కలు, రకరకాల నీలాలు. వీటితోనే చేయాలనిపించింది.

ఆన్‌లైన్‌లో ఒకచోట డబ్బు కట్టి ప్యాటర్న్ (పట్టీలు ఏ వరసలో ఎక్కడ వేయాలో గీతలు, అంకెలు ఉన్న కాగితం) తీసుకుని ప్రింట్ చేశాను. ఒక కార్డు చేసి తిప్పి చూస్తే మధ్యలో రంధ్రం ఒక పక్కకి జరిగిపోయింది, రెండు చోట్ల పట్టీల మధ్య ఖాళీలు కూడా వచ్చాయి, పైగా తెల్లారేసరికి టేపు లేచిపోయింది. ఎక్కడ తప్పు చేశానో అర్థం కావడం లేదు. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే మొదటి నుంచి చెప్పండి.

---

నెల్లూరు పిల్ల
నవంబరు 16, రాత్రి 9:48

అక్కా, నేను ఈ పేరే మొదటిసారి వింటున్నా. ఐరిస్ అంటే పువ్వు కదా, పువ్వు ఆకారంలోనే చేయాలా? నేను అంబత్తూరులో ఉంటాను, నేర్పిస్తానంటే ఆదివారం వచ్చేస్తా.

---

కాగితం పడవ
నవంబరు 17, ఉదయం 6:35

పువ్వుకీ దీనికీ సంబంధం లేదు తల్లీ. కంటిలో నల్లపాప చుట్టూ రంగు వలయం ఉంటుంది చూడు, దాన్ని ఐరిస్ అంటారు. పాత కెమెరా లెన్సులో రేకులు ఒకదాని మీద ఒకటి వాలి మధ్యలో చిన్న రంధ్రం వదులుతాయి, దానికీ అదే పేరు. ఈ పట్టీలు కూడా అలాగే చుట్టూ వాలుకుంటూ వచ్చి మధ్యలో చిన్న కన్ను వదులుతాయి, అందుకే ఆ పేరు.

కల్యాణిగారూ, మీ నాన్నగారి కట్ట గురించి చదివి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఈ పని పుట్టింది హాలెండ్‌లో. అక్కడ మొదట వాడింది సరిగ్గా మీ దగ్గరున్నలాంటి కవర్లే. వెలుతురుకి పట్టుకుంటే లోపలి ఉత్తరం కనపడకుండా కవరు లోపల ఆ డిజైను అచ్చు వేస్తారు కదా, ఆ అచ్చు బాగుందని పట్టీలుగా కోసి కార్డులకి వాడుకున్నారు. రంగు గిఫ్ట్ పేపర్లు తర్వాత వచ్చాయి. మీరు తెలియకుండానే అసలు సరుకు దగ్గరికి వచ్చారు.

నేను పెరంబూర్‌లో ఇరవై ఏళ్ళు డ్రాయింగ్ టీచరుగా చేశాను, పిల్లలతో ఇవి చాలా చేయించాను. మీ కార్డులో ఏం జరిగి ఉంటుందో ఊహించి రాస్తున్నా.

ముందు కార్డు. పైభాగానికి 220 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఇన్ని గ్రాములు అని) మందం ఉండాలి. మామూలు చార్ట్ పేపర్ పల్చన, పట్టీల బరువుకి వంగిపోతుంది. వెనక వైపు కిటికీ గీసి కట్టర్‌తో కోయండి, కత్తెరతో మూలలు నలుగుతాయి. ఒకేసారి గట్టిగా నొక్కకుండా మెల్లగా రెండు మూడు సార్లు లాగండి. మూలలో కొసదాకా కోయకుండా పీకితే అక్కడ పీచు లేస్తుంది, ముందు వైపు అదే కనపడుతుంది.

ప్యాటర్న్‌ని టేబుల్ మీద పెట్టి, దాని మీద కార్డుని బోర్లా పెట్టి, కిటికీ గీతలూ ప్యాటర్న్ బయటి గీతలూ కలిశాక రెండు చోట్ల మాస్కింగ్ టేపు వేయండి. ఇక్కడ సెల్లో టేపు వద్దు, తీసేటప్పుడు కార్డు తోలు లేచిపోతుంది. మీకు మధ్య రంధ్రం పక్కకి జరిగింది అంటే సగంలో కార్డు కదిలి ఉంటుందని నా అనుమానం.

పట్టీలు 2 సెంటీమీటర్ల వెడల్పు, నిలువునా సగానికి మడిస్తే 1 సెంటీమీటరు. అచ్చు ఉన్న వైపు బయటికి రావాలి. మడత అంచు ఎప్పుడూ మధ్య వైపుకి, కోసిన అంచులు బయటికి. ఆ మడత అంచు ప్యాటర్న్ గీత మీద కచ్చితంగా కూర్చోవాలి. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఎనిమిది చుట్లు తిరిగేసరికి అది పెద్ద తేడా అవుతుంది. రెండు కొసల్లో చిన్న టేపు ముక్కలు, అంతే. టేపు గీత దాటి లోపలికి వెళ్తే ప్యాటర్న్‌కి అంటుకుంటుంది, విప్పేటప్పుడు అన్నీ లేచి వస్తాయి.

అంకెల వరస తప్పకూడదు. 1, 2, 3, 4 నాలుగు వైపులా, మళ్ళీ 5 నుంచి 8. వేసిన పట్టీ తన అంకెను తానే కప్పేస్తుంది, కాబట్టి కిటికీలో కనపడుతున్న వాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఏదో అదే తర్వాతది. పిల్లలకి ఇదొక్కటి చెబితే చాలు, తప్పు చేసేవాళ్ళు కాదు.

టేపు లేచిపోవడానికి మాత్రం ఈ నెలలో మన చెన్నై గాలే కారణం. వానల్లో కాగితం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, చవక టేపు పట్టదు. కాగితాలూ కార్డులూ స్టీలు డబ్బాలో మూత గట్టిగా పెట్టి ఉంచండి, పని చేసేటప్పుడే తీయండి.

---

వేలచేరి వంశీ
నవంబరు 17, మధ్యాహ్నం 1:15

కల్యాణిగారూ, ప్రింట్ ఇచ్చేటప్పుడు ఫిట్ టు పేజీ అని ఉన్నది మార్చారా? అది అలాగే వదిలేస్తే ప్రింటరు బొమ్మని కొంచెం కుదిస్తుంది. 6 సెంటీమీటర్లు ఉండాల్సిన చదరం 5.7 వస్తుంది, మీరు కార్డులో 6 కోసి ఉంటారు, చుట్టూ ఖాళీ వస్తుంది. స్కేలు పెట్టి కొలిచి చూడండి.

అసలు డబ్బు పెట్టి ప్యాటర్న్ కొనక్కర్లేదు. ఇంట్లో స్కేలు, పెన్సిలు ఉంటే చాలు. 6 సెంటీమీటర్ల చదరం గీయండి. ప్రతి మూల నుంచీ ఒకే దిశలో, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, భుజం మీద 5 మిల్లీమీటర్ల దగ్గర చుక్క పెట్టండి. నాలుగు చుక్కలూ కలిపితే లోపల కొంచెం తిరిగిన చదరం వస్తుంది, చుట్టూ నాలుగు సన్నటి త్రిభుజాలు మిగులుతాయి. అవే మీ 1, 2, 3, 4. ఇప్పుడు లోపలి చదరం మూలల నుంచి మళ్ళీ 5 మిల్లీమీటర్లు, మళ్ళీ కలపండి. లెక్క వేసి చూశాను, భుజం 60 మిల్లీమీటర్ల నుంచి 55.2, 50.5, 45.8 ఇలా తగ్గుతూ ఎనిమిది చుట్ల తర్వాత సుమారు 23 మిల్లీమీటర్ల కన్ను మిగులుతుంది. మొత్తం 32 పట్టీలు.

5 బదులు 8 మిల్లీమీటర్లు పెడితే సుడి ఎక్కువ తిరుగుతుంది, పట్టీలు తగ్గుతాయి. 3 పెడితే చాలా సన్నగా, అందంగా వస్తుంది కానీ ఓపిక కావాలి. త్రిభుజానికి కూడా ఇదే పద్ధతి, కాకపోతే మూడు వైపులే కాబట్టి మూడు రంగులు.

---

కోడంబాకం కల్యాణి
నవంబరు 17, రాత్రి 10:05

వంశీ, కొలిచాను. 5.8 ఉంది! నిన్నంతా నా చెయ్యే సరిగ్గా లేదనుకుని బాధపడ్డాను. పడవగారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. హాలెండ్‌లో కూడా కవర్లు దాచుకునేవాళ్ళా అని రెండుసార్లు అడిగారు.

ఇంకో సందేహం. కొన్ని కవర్లు బాగా పాతవి, మడిస్తే అంచు మీద పగిలినట్టు అవుతున్నాయి. వాటిని వదిలేయాలా?

---

కాగితం పడవ
నవంబరు 18, ఉదయం 6:10

వదలొద్దు. కాగితానికి పోగు ఉంటుంది, బట్టకి ఉన్నట్టే. చేతిలో పట్టుకుని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూడండి, ఏ వంపు తేలిగ్గా పడితే పోగు ఆ మడత గీత వెంట ఉన్నట్టు. పట్టీ పొడవు పోగు వెంటే ఉండేట్టు కోస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా కోస్తే పగులుతుంది. మడిచే ముందు స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గీత లాగండి. అప్పటికీ పగిలితే ఆ కవర్లని కార్డు లోపల సన్నటి అంచుగా అతికించుకోవచ్చు.

---

అన్నానగర్ అనసూయ
నవంబరు 18, ఉదయం 11:30

కార్డు కాగితం ఎక్కడ దొరుకుతుందని ఇంకా ఎవరూ చెప్పలేదు. మన చెన్నై ప్యారీస్ కార్నర్‌లో అండర్సన్ వీధి. హైకోర్టు మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు. వీధి వీధంతా కాగితం కొట్లు, పెళ్ళి కార్డుల కొట్లు. మనలాంటివాళ్ళు పది షీట్లు అడిగితే కొందరు హోల్‌సేలే అంటారు, బాధపడకుండా పక్క కొట్లో అడగండి, ఎవరో ఒకరు ఇస్తారు. 250 జీఎస్ఎమ్ ఐవరీ బోర్డు అని అడగండి. పెద్ద షీటుగా ఇస్తారు, అక్కడే మెషీన్ మీద ఏ4 సైజుకి కోయించుకుంటే ఇంట్లో ఆ పని తప్పుతుంది. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు, శనివారం పొద్దున్నే వెళ్ళండి.

పెళ్ళి కార్డుల కొట్లలో పాత శాంపిల్ కవర్లు కూడా అడగండి. బంగారు రంగు, మామిడి పిందెల అచ్చు, ముదురు ఎరుపు, అన్నీ ఉంటాయి. నీలం కవర్లలో ఒక్క వైపు బంగారు పట్టీ కలిస్తే బాగుంటుందని నా ఉద్దేశం.

---

సూదీదారం
నవంబరు 18, సాయంత్రం 4:50

నేను బ్లౌజులు కుడతాను, నా దగ్గర పట్టు ముక్కలు బోలెడు మిగులుతాయి. కాగితం బదులు వాటితో రెండు కార్డులు చేశాను. ఉత్త పట్టు అయితే మడత నిలవదు, పోగులు వస్తాయి. వెనక కాలర్‌కి వేసే పేస్టింగ్ క్లాత్ ఇస్త్రీ చేసి అంటించి, తర్వాత పట్టీలు కోయాలి. అప్పుడు కాగితంలాగే మడత పడుతుంది. రిబ్బను అయితే ఇంకా సులువు, అంచు ముందే ఉంటుంది కాబట్టి మడవక్కర్లేదు.

పడవగారూ, మీరు సగానికి మడవమన్నారు. నేను మూడో వంతే మడుస్తాను. వెడల్పు ఎక్కువ ఉంటే టేపు వేయడానికి చోటు దొరుకుతుంది కదండీ.

---

కాగితం పడవ
నవంబరు 18, రాత్రి 8:20

చోటు దొరుకుతుంది, ఒప్పుకుంటా. కానీ పట్టీ వెడల్పు పెరిగిన కొద్దీ వెనక ఒకదాని మీద ఒకటి ఎక్కువ పొరలు పడతాయి, కార్డు పొట్ట ఉబ్బుతుంది. వంశీ చెప్పినట్టు 5 మిల్లీమీటర్ల చొప్పున గీసిన సుడికి 1 సెంటీమీటరు వెడల్పు సరిపోతుంది. పట్టు ముక్కలకి మీ పద్ధతే మంచిదేమో, నేను బట్టతో చేయలేదు. కాగితానికి మాత్రం సగం మడతే చేస్తాను.

---

బెంగళూరు బాబాయి
నవంబరు 19, ఉదయం 9:00

నేను మల్లేశ్వరంలో ఉంటాను, మాకు ఇక్కడ కాగితానికి సుల్తాన్‌పేట. ఒక మాట. టేపు లేచిపోతోందంటే గమ్ము వాడొచ్చు కదా? మా అమ్మాయి గమ్ముతోనే చేస్తుంది.

---

కాగితం పడవ
నవంబరు 19, ఉదయం 9:40

బాబాయిగారూ, నీళ్ళ గమ్ము రాస్తే పల్చటి కవరు కాగితం ముడతలు పడుతుంది, ఆరేదాకా ప్రతి పట్టీ దగ్గరా ఆగాలి. 32 పట్టీలకి సాయంత్రం అయిపోతుంది. పెన్సిల్ గమ్ము, అదే గ్లూ స్టిక్ అయితే పర్వాలేదు. అయినా నా ఓటు టేపుకే. తప్పు పడితే వెంటనే తీసి మళ్ళీ వేసుకోవచ్చు.

---

నెల్లూరు పిల్ల
నవంబరు 24, రాత్రి 9:15

నిన్న పడవగారింటికి వెళ్ళొచ్చాను! నాకు చదరం కాదు, మామిడి పిందె కావాలి, ఉగాదికి ఇప్పటి నుంచే మొదలుపెడదామని. ఆవిడ చూపించిన కిటుకు రాస్తున్నా. వంపు ఆకారాలకి వేరే ప్యాటర్న్ అక్కర్లేదు. పిందె మొత్తం పట్టేంత పెద్ద త్రిభుజం గీసి, దానికి వంశీగారు చెప్పినట్టు సుడి గీతలు గీసి, కార్డులో కిటికీని మాత్రం పిందె ఆకారంలో కోయాలి. బయటి చుట్లు కొంత కార్డు వెనక దాగిపోతాయి, లోపలివి కనపడతాయి, అంతే!

ఇంటికొచ్చి సొంతంగా ఒకటి చేశాను. చిలకపచ్చ, ముదురాకుపచ్చ, పసుపు. మధ్యలో మిఠాయి డబ్బా లోపలి బంగారు రేకు పెట్టాను. చాలా బాగా వచ్చింది, కానీ తిప్పి చూస్తే పిందె ముక్కు ఎడమ పక్కకి ఉంది, నాకు కుడి పక్కకి కావాలి.

---

వేలచేరి వంశీ
నవంబరు 24, రాత్రి 9:31

వెనక నుంచి చేస్తున్నాం కాబట్టి అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. గీసిన కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, వెలుతుర్లో వెనక వైపు నుంచి మళ్ళీ గీసుకోండి, ఆ వైపు వాడండి. అక్షరాలు కోసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

---

కోడంబాకం కల్యాణి
డిసెంబరు 7, రాత్రి 10:40

చాలా రోజులకి రాస్తున్నా. ఆరు కార్డులు అయ్యాయి.

పొంగలి కుండ చేద్దామని మొదలుపెట్టి, అది ఇప్పుడే వద్దనుకున్నాను. వంశీ చెప్పిన చదరాన్నే మూల మీద నిలబెట్టి గాలిపటం చేశాను. నాలుగు వైపులకి నాలుగు రకాల కవర్లు: సన్న గళ్ళు, అలలు, చుక్కలు, నాలుగోది అనసూయగారు చెప్పిన పెళ్ళి కవరు బంగారు రంగు. కింద ఎర్ర దారంతో తోక, దానికి కవరు ముక్కలతోనే మూడు చిన్న ముడులు. మధ్య కన్నులో ఏమీ మెరిసేది పెట్టలేదు. బ్యాంకు కవరు మీద నాన్న పేరు, మా పాత ఇంటి అడ్రసు టైపు చేసి ఉన్న ముక్క ఉంటుంది కదా, అందులోంచి నాన్న పేరు వచ్చేట్టు కోసి పెట్టాను. దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది.

పట్టీలన్నీ నాన్నే మడుస్తున్నారు. 76 ఏళ్ళు, గీతలు సరిగ్గా కనపడవు కాబట్టి అంటించడం నా పని. కానీ మడత ఆయన వేస్తే నాకన్నా బాగా వస్తోంది. నోట్లు లెక్కపెట్టిన చెయ్యి కదా, రెండు అంచులూ బొటనవేలి కింద సరిచూసుకుని, గోరుతో ఒక్కసారి లాగుతారు, అంతే, నున్నగా పడుతుంది. పది పది చొప్పున కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేసి ఇస్తున్నారు. ఏ కవరు ఏ సంవత్సరానిదో కూడా చెబుతున్నారు, ఇది మీ అమ్మ ఆపరేషన్ అప్పటి ఎఫ్.డి. కాగితం వచ్చిన కవరు, ఇది నీ కాలేజీ ఫీజు కట్టినప్పటిది అని.

ఒక్క కార్డు పాడైంది. ఫోన్ వస్తే మాట్లాడుతూ 14 తర్వాత 16 వేశాను. వెనక నుంచి ఏమీ తెలియలేదు, ముందు చూస్తే ఒక వైపు సుడి తెగిపోయి మెట్టులా కనపడింది. 16 దాకా వెనక్కి విప్పి మళ్ళీ వేశాను, రెండు పట్టీలు చిరిగాయి. ఇక ఫోన్ పక్క గదిలో పెడుతున్నా.

కొత్తగా చేసేవాళ్ళకి ఇంకోటి. అన్నీ అయ్యాక వెనక వైపు మూసే తెల్లకాగితానికి అంచుల్లోనే డబుల్ సైడ్ టేపు వేయండి. మధ్యలో గమ్ము రాస్తే పట్టీలు నొక్కుకుపోయి ముందు వైపు గుర్తులు పడుతున్నాయి.

---

అన్నానగర్ అనసూయ
డిసెంబరు 8, ఉదయం 10:25

నాన్నగారి పేరు సంగతి చదివి మా ఆయనకి కూడా చూపించాను. మా అత్తగారి పాత ఇన్‌ల్యాండ్ లెటర్లు ఉన్నాయి, వాటి నీలం కూడా బాగుంటుంది, కానీ కోయడానికి మనసు రావడం లేదు.

కల్యాణీ, పోస్టు గురించి ముందే చూసుకో. మామూలు ఉత్తరానికి 20 గ్రాముల వరకే 5 రూపాయల స్టాంపు. ఏ4 షీటుని సగానికి మడిచిన 250 జీఎస్ఎమ్ కార్డే దాదాపు 16 గ్రాములు ఉంటుంది, పట్టీలు, వెనక కాగితం, కవరు కలిపితే 20 దాటుతుంది. ఇంట్లో అంటించేయకుండా పోస్టాఫీసులో తూకం వేయించు. రిజిస్టర్ పోస్టు ఇప్పుడు విడిగా లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు.

---

సూదీదారం
డిసెంబరు 8, మధ్యాహ్నం 2:10

అనసూయగారూ, ఉత్తరాలు కోయొద్దు. కలర్ జెరాక్స్ తీయించి ఆ కాపీని పట్టీలుగా కోయండి. జెరాక్స్ కాగితం 75 జీఎస్ఎమ్ ఉంటుంది, బాగానే మడత పడుతుంది. అత్తగారి చేతిరాత కూడా పట్టీల మీద వస్తుంది.

---

అన్నానగర్ అనసూయ
డిసెంబరు 8, మధ్యాహ్నం 2:22

ఇది నాకు తట్టనే లేదు! ఈ సాయంత్రమే వెళ్తా.

---

కోడంబాకం కల్యాణి
జనవరి 5, రాత్రి 8:55

24 అయ్యాయి. కోడంబాకం పోస్టాఫీసులో తూకం వేస్తే ఒక్కోటి 27, 28 గ్రాములు వచ్చింది, అనసూయగారు చెప్పకపోతే అన్నీ తక్కువ స్టాంపులతో వెళ్ళేవి. నెల్లూరు పెద్దమ్మకి పంపినదానికి మాత్రం స్పీడ్ పోస్టు.

25వ కార్డు కూడా చేశాను, అది పెరంబూర్ పడవగారికి. అడ్రసు నెల్లూరు పిల్ల ఇచ్చింది. కట్టలో ఇంకా 140 దాకా కవర్లు ఉన్నాయి. కుండ ప్యాటర్న్ ఎలా గీయాలో ఎవరైనా రాస్తారా? మెడ దగ్గర సన్నబడే చోట పట్టీలు ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. నాన్న అప్పుడే ఇంకో నాలుగు కట్టలు మడిచి పెట్టారు.

---

కాగితం పడవ
జనవరి 6, ఉదయం 6:20

మెడని, పొట్టని రెండు కిటికీలుగా కోయండి, మధ్యలో 4 మిల్లీమీటర్ల కార్డు వదిలేయండి, అదే కుండకి కట్టిన పసుపు కొమ్ము దారంలా కనపడుతుంది. పొట్టకి చదరం సుడి, మెడకి అడ్డంగా నాలుగు పట్టీలు చాలు. గీసి ఫొటో పెడతాను, ఈ ఆదివారం దాకా ఆగండి.